సీటు ఖాళీ అయితేనే వంతెన

ఇప్పలవాయి ఎమ్మెల్యే కాసర్ల సాంబయ్య సచివాలయం మెట్లెక్కడం అది పదిహేడోసారి. లిఫ్టు లేక కాదు. లిఫ్టులో వెళ్తే తొందరగా చేరతాం, తొందరగా చేరితే బెంచీ మీద ఎక్కువసేపు కూచోవాలి. ఈ సత్యం ఆయనకు నాలుగోసారికే బోధపడింది. అప్పట్నుంచి మెట్లే.

చేతిలో అదే ఫైలు. దుబ్బవాగు మీద రేగుంట దగ్గర పన్నెండు స్లాబుల వంతెన. అందులో ఏడు విన్నపాలు, మూడు అంచనాలు, ఒక ఫొటో ఉన్నాయి. ఫొటోలో వాగు ఒడ్లు తెంచుకొని పారుతోంది. అవతలి గడ్డమీద జనం, జనం మధ్య మంచం, మంచం మీద ఒక మనిషి. ఆ మనిషి సాంబయ్యకు బావ, చెల్లెలు లచ్చవ్వ మొగుడు. పాము కరిచింది. ఇవతలి గడ్డమీద అంబులెన్సు నాలుగు గంటలసేపు ఎర్రలైటు తిప్పుకుంటూ నిలబడింది. నీళ్లు తగ్గేసరికి దానితో పని లేకుండా పోయింది.

అంతకుముందు రెండుసార్లు ఎన్నికల్లో ఓడి, ఇక చాలురా దేవుడా అనుకున్న సాంబయ్య, బావ పోయిన ఏడాదే మళ్లీ నిలబడ్డాడు. "వంతెన కట్టిస్త" అన్నది తప్ప ఇంకో మాట అనలేదు. గెలిచాడు. గెలిచి రెండేళ్లయింది. లచ్చవ్వ మాత్రం అన్న గడప తొక్కలేదు. "వంతెన మీదికెళ్లే వస్త, లేకపోతే రాను" అని కబురు పంపింది. ఆ కబురు తలుచుకుంటే సాంబయ్యకు అన్నం సయించదు.

ఆ రోజు ఆయన్ని లోపలికి పిలిచినవాడు అదనపు కార్యదర్శి పరాంకుశం గారు. ఫైలు తిరగేసి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని అన్నాడు.

"ఎమ్మెల్యే గారూ, తమ విన్నపం మిక్కిలి న్యాయమైనది. ప్రభుత్వమునకు సానుభూతి కూడా గలదు. అయితే తమ నియోజకవర్గమునకు ఒక సాంకేతిక లోపము ఉన్నది."

"ఏం లోపం సార్?"

"తమరు."

సాంబయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరన్నా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

పరాంకుశం గారు ఓపిక గల మనిషి. ఒక సర్క్యులరు తీసి ముందు పెట్టాడు. పేరు 'ఖాళీ ప్రాధాన్య అభివృద్ధి విధానం'. సారాంశం ఇది: శాసనసభ్యుడు ఉన్నచోట ప్రజలకు శాసనసభ్యుడు ఉన్నాడు. లేనిచోట పాపం ఎవరున్నారు? ప్రభుత్వమే ఉండాలి. కాబట్టి ఏ స్థానం ఖాళీ అయి ఉపఎన్నిక రానున్నదో, ఆ స్థానానికే నిధులు, పనులు, మంత్రుల పర్యటనలు. దరఖాస్తులో మొదటి ప్రశ్న: 'స్థానం ఏ విధముగా ఖాళీ అయినది? మరణము / రాజీనామా / అనర్హత.' ఆ గడి నింపకుండా రెండో ప్రశ్నకు పోవడానికి లేదు.

"తమ పొరుగున గట్టుమల్లారం చూడండి," అన్నాడు పరాంకుశం గారు, కొంచెం పరవశంగా. "అచటి సభ్యులు పెళ్లి విందులో పరమపదించారు. నలభై ఒక్క దినములలో రెండు వరుసల రోడ్డు, డిగ్రీ కళాశాల, వంద పడకల ఆసుపత్రి! మహానుభావుడు. బతికినన్నాళ్లు ఒక బోరు వేయించలేకపోయారు."

సాంబయ్య ఫైలు చంకన పెట్టుకొని మెట్లు దిగాడు. దిగుతూ పక్క కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. ఛీ, భయమెందుకు అనుకున్నాడు గానీ, భయమే.

ఇలాంటి వార్తలు కారుకంటే ముందు ఊరు చేరతాయి. సాంబయ్య ఇప్పలవాయిలో దిగేసరికి జనం ఆయన ఆరోగ్యం మీద ఎక్కడలేని ప్రేమ పెంచుకున్నారు.

"సారూ, మంచిగున్నవా? గుండెల ఏమన్న మంట గింట?" అని ఒకడు.

"లేదే."

"లేదా," అన్నాడు వాడు. ఆ రెండక్షరాల్లో ఎంత నిరాశ!

ఇంటికి టిఫిన్లు రావడం మొదలైంది. నేతిలో తేలే గారెలు, కొవ్వు తీయని మటను, బోటికూర, గిన్నెలకు గిన్నెలు. గడ్డం గీసే కొమురయ్య మెడదగ్గర కత్తి ఆపి, "గట్టుమల్లారం సారుకు కూడ గిట్లనే మెడ ఉబ్బి ఉండేనట" అని నిట్టూర్చాడు. సాంబయ్య భార్య సరోజన రెండ్రోజులు ఓర్చుకుంది. మూడోరోజు నెయ్యిడబ్బా తెచ్చినవాణ్ణి వాకిట్లోనే నిలబెట్టి కడిగేసింది.

"మీ రోడ్ల కోసం నా పుస్తెలు తెంపుతరా? ఓట్లేసింది చాలు, ఇగ నూనెలు పొయ్యకుండ్రి! తీస్కపో!"

దాంతో జనం కొంచెం సర్దుకున్నారు. మర్నాడు ఊళ్ల పెద్దలంతా రేగుంట సర్పంచి జక్కుల ఐలయ్యను ముందు పెట్టుకొని వచ్చారు. ఐలయ్య మాటకారి. తువ్వాల భుజం మార్చుకున్నాడు.

"సాంబన్నా, మేమేం సావుమంటలేము. గట్ల అంటమా? నువ్వు మా ఇంటి మనిషివి. నూరేండ్లు బతుకు. జర రాజీనామా జెయ్యి, గంతే."

"ఎమ్మెల్యే అయి రెండేండ్లే అయిందిరా ఐలా."

"గదే అన్నా, ఇంక మూడేండ్లు ఎవడు ఆగుతడు?"

సాంబయ్యకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆయనకు ఎమ్మెల్యేగిరీ ఇష్టం. కారు అద్దం మీద స్టిక్కరు ఇష్టం, బడిపంతుళ్లు లేచి నిలబడటం ఇష్టం, పెళ్లిపత్రికల్లో పేరు పైన ఉండటం ఇష్టం. రెండుసార్లు ఓడిన మనిషికి ఆ మాత్రం ఇష్టం ఉండదా? విసురుగా లేచి, ట్రాక్టరెక్కి, మోకాలిలోతు వాగు దాటి రేగుంట పోయాడు.

లచ్చవ్వ వాకిట్లో కందులు చెరుగుతోంది. అన్నను చూసి చాట ఆపలేదు.

"ఎమ్మెల్యే అయితే వంతెన వస్తదన్నవ్. గిప్పుడు ఎమ్మెల్యే కాకపోతే వస్తదంటున్నరు. ఏదో ఒకటి అవ్వరాదె అన్నా," అంది.

"గంత కష్టపడి గెలిచిన గదనే..."

"నేను గంత కష్టపడి ఓట్లడిగిన. ముండమోసినదాన్ని, నలుగుర్ల తిరగొద్దన్నా తిరిగిన." చాట కింద పెట్టింది. "ఆ రోజు అటు గడ్డన లైటు కనవడుతనే ఉన్నదే అన్నా. నీ బావ గా లైటుదిక్కే చూసిండు."

సాంబయ్య అక్కడే నిర్ణయించుకున్నాడు. వచ్చేటప్పుడు ట్రాక్టరు మీద పెద్దగా ఏడ్చాడు. డ్రైవరు పాపం ఇంజను చప్పుడు పెంచాడు.

రాజీనామా ఇవ్వడం కూడా అంత వీజీ కాదు. శాసనసభ కార్యాలయంలో గుమాస్తా కాగితం చదివి పెదవి విరిచాడు. "'వంతెన కొరకు రాజీనామా' అని వ్రాశారు. వంతెన ఆశించి ఇచ్చినది స్వచ్ఛందం కాదండి. ప్రలోభం కిందికి వస్తుంది." సరే, 'ప్రజల కోరిక మేరకు' అని రాశాడు. "అది ఒత్తిడి కిందికి వస్తుంది." చివరికి గుమాస్తాయే దయతలచి, "'ఏ కారణమూ లేకుండా' అని వ్రాయండి. కారణం లేనిదైతే ఎవరూ ఆక్షేపించరు," అన్నాడు. సాంబయ్య ఏ కారణమూ లేకుండా రాజీనామా చేశాడు. వారంలో ఆమోదించారు.

ఆ మర్నాటి నుంచీ ఇప్పలవాయి నియోజకవర్గానికి పట్టిన భాగ్యం ఏమని చెప్పాలి! మండలానికో మంత్రి, ఊరికో చైర్మను, వాడకో ఎమ్మెల్యే దిగారు. ఉన్న సిమెంటు రోడ్డు మీదే మళ్లీ సిమెంటు పోశారు. స్మశానానికి ఎంత మంచి దీపాలు పెట్టారంటే, ఊరివాళ్లు అక్కడికి పోయి పేకాడటం మొదలుపెట్టారు. ఒక మంత్రి బస్టాండులో దోసెలు వేశాడు. ఒక మంత్రి చాకలి ఇంట్లో ఇస్త్రీ చేసి రెండు చొక్కాలు కాల్చాడు. రేగుంటకు వచ్చిన మంత్రి లచ్చవ్వ అరుగు మీద కూచొని ఉల్లిగడ్డలు కోస్తుంటే ఆమె మొహమాటం లేకుండా, "సన్నగ కొయ్యి బిడ్డా, గవేం ముక్కలు?" అంది. పదిమంది ఫొటోగ్రాఫర్లు సన్నగా కోసిన ముక్కలకు ఫొటోలు తీశారు.

వీళ్లందరి మీదా పరాంకుశం గారు వచ్చి కూచున్నాడు. ఆయన హోదా ఇప్పుడు 'స్థాన ఖాళీ ప్రత్యేకాధికారి'. మనుషులు చాలనందువల్ల ఉపఎన్నిక రిటర్నింగ్ అధికారి బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. సాంబయ్య పాత ఫైలు ఒక్క పూటలో మంజూరైంది. వాగులో యంత్రాలు దిగాయి. స్తంభాలు లేచాయి. పెళ్లిపందిరి వేసినంత వడిగా ఒకటో స్లాబు, రెండో స్లాబు పడిపోయాయి. సాంబయ్య రోజూ గొడుగు వేసుకొని వచ్చి గడ్డమీద కూచునేవాడు. ఇప్పుడాయన్ని ఎవరూ సారూ అనడం లేదు. మొదట్లో మనసు చివుక్కుమనేది గానీ, స్లాబు పడుతుంటే ఆ బాధ నిలవదు.

మూడో స్లాబు పడ్డాక ఇంజనీరు చెవిలో ఊదాడు. "సాంబయ్య గారూ, నామినేషన్లు వచ్చేవారం. పోలింగయి కొత్త ఎమ్మెల్యే ప్రమాణం చేశాడా, సీటు నిండినట్టే. నిండితే యంత్రాలు ఇంకో ఖాళీకి పోతాయి. మాకు ఆర్డర్లట్లా ఉన్నాయి."

"మరి వంతెన?"

"ఎంతవరకైతే అంతవరకు."

సగం వంతెన! సగం వంతెన మీద సగం దూరం పోయి ఏం చేయాలి, దూకాలా? ఆ సాయంత్రం రేగుంట బడి ముందర నియోజకవర్గంలోని సర్పంచులంతా చేరారు. ఎవరికి తోచింది వాళ్లన్నారు. ఎన్నిక బహిష్కరిద్దామన్నారు. ఒక్కడు ఓటేసినా ఎవడో ఒకడు గెలుస్తాడు, అది పనికిరాదు. అప్పుడు సాంబయ్య లేచాడు. మూడుసార్లు నామినేషను వేసిన మనిషి, ఆ కాగితం ఆయనకు కంఠతా వచ్చు.

"నామినేషను మీద ప్రతిపాదకుని సంతకం ఉండాలె. ఎంత పెద్ద పార్టీ అయినా ఒక్కటన్న ఉండాలె. ఆ సంతకం పెట్టేటోడు ఈ నియోజకవర్గం ఓటరే అయి ఉండాలె. పోటీ చేసేటోడు తన కాగితం మీద తనే పెట్టుకోనీకి లేదు. మనం ఎవ్వరం సంతకం పెట్టొద్దు. గంతే."

ఐలయ్య తువ్వాల గాలిలోకి విసిరాడు.

ఆ వారం రోజులు చూసి తీరాల్సిందే. నగరంలో టిక్కెట్టు తెచ్చుకున్న అభ్యర్థులు పూలదండలతో దిగి, ఒక్క సంతకం కోసం వీధివీధీ తిరిగారు. అక్షరాస్యతలో జిల్లాకే పేరున్న నియోజకవర్గం రాత్రికి రాత్రి చదువు మరిచిపోయింది. తెలుగు పంతులు, "నాకు సంతకం రాదండి, వేలిముద్రే" అన్నాడు. సరే వేలిముద్రే వేయమంటే, "సుద్దముక్కలు పట్టి పట్టి వేలు అరిగిందండి" అన్నాడు. పాలకపక్షం అభ్యర్థి స్థానికుడే. ఇంట్లోనే ఓటరుందని ధీమాగా భార్య ముందు కాగితం పెట్టాడు. ఆమె కలం తీసి పక్కన పెట్టి, "మా తల్లిగారిల్లు రేగుంట" అంది. అంతే, మరి మాట లేదు. ఆయన రెండు పూటలు హోటల్లో తిన్నాడు.

గడువు ముగిసింది. పరాంకుశం గారు 'దాఖలైన నామినేషన్లు' అన్న గడిలో 'శూన్యము' అని రాసి పైకి పంపాడు. మళ్లీ నోటిఫికేషను వచ్చింది. మళ్లీ శూన్యము. మూడోసారీ శూన్యమే. ఈలోగా స్థానం ఖాళీగానే ఉంది కాబట్టి మంత్రులు వస్తూనే ఉన్నారు, స్లాబులు పడుతూనే ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది. చుట్టుపక్కల ఎమ్మెల్యేలు బయట భోజనాలు మానేశారు.

అయితే శూన్యమనేది పై అధికారులకు మింగుడుపడదు కదా. ఎందుకు శూన్యమో నివేదిక ఇవ్వమన్నారు. పరాంకుశం గారు రెండు లక్షల పదకొండు వేలమంది ఓటర్లకూ ఒక ఫారం అచ్చువేయించి ఇంటింటికీ పంపాడు. 'ప్రతిపాదకునిగా సంతకము చేయకపోవుటకు కారణమేమి?' కింద మూడు జవాబులు. మొదటిది, సంతకము రాదు. అలా గీత పెట్టినవాళ్లు ఉదయం ఆరింటికి అక్షరాస్యతా తరగతికి పంపబడుదురు. రెండోది, తీరిక లేదు; వారి ఇంటికి అధికారి ప్రతిదినము వచ్చి తీరిక కనుగొనును. మూడోది, సదరు నియోజకవర్గ ఓటరు కాను. వీరిపై తదుపరి చర్య అవసరము లేదు.

"మూడోదానికి గీత గొట్టుండ్రి," అన్నాడు ఐలయ్య ఊరూరా తిరిగి. "మళ్లెవ్వడు గడప తొక్కడు."

సాంబయ్య ఫారం రెండుసార్లు చదివాడు. ఏదో పీకుతోంది లోపల. కానీ పన్నెండో స్లాబుకు ఇనుము కడుతున్నారు, ఇంకో ఇరవై రోజులైతే చాలు. మృగశిర దగ్గర పడుతోంది. ఆయనా మూడోదే కొట్టాడు. లచ్చవ్వ, సరోజన, తెలుగు పంతులు, పాలకపక్షం అభ్యర్థి భార్య, అందరూ మూడోదే.

ప్రభుత్వం మాట నిలబెట్టుకుంది. ఎవరి మీదా తదుపరి చర్య లేదు. 'ఓటరు కాను' అని ఎవరికి వారే ధ్రువపరిచారు కాబట్టి, రెండు లక్షల పదకొండు వేల పేర్లూ జాబితాలోంచి మర్యాదగా తీసేశారు.

పదకొండో స్లాబు ఇంకా ఆరుతుండగా పరాంకుశం గారు సాంబయ్యను పిలిపించాడు. ఆయన మొహంలో నిజంగానే విచారం ఉంది.

"సాంబయ్య గారూ, విచారముతో తెలియజేయునదేమనగా, తమ స్థానము ఇక ఖాళీ కాదు."

"ఎవడు నిలబడ్డడు సార్?"

"ఎవరూ నిలబడలేదు. ఖాళీ అనగా నింపదగినది. కుండ ఉంటే గదా ఖాళీ కుండ అనుటకు! ఓటర్లు లేని నియోజకవర్గము నియోజకవర్గమే కాదని న్యాయశాఖ అభిప్రాయపడినది. కనుక ఇప్పలవాయిని రద్దు చేసినారు."

"మేమంత ఉన్నం గద సార్! కండ్ల ముందట ఉన్నం!"

"తాము ఉన్నారు, నేను కాదనను. అయితే రికార్డుల ప్రకారం లేరు. ఎవరూ లేని గట్టు నుండి ఎవరూ లేని గట్టుకు వంతెన అనవసర వ్యయమని ఆర్థికశాఖ వ్రాసినది. నా చేతులలో ఏమీ లేదు."

సాంబయ్య ఆయన చేతులవంక చూశాడు. నిజమే, కలం తప్ప ఏమీ లేదు.

మర్నాడు యంత్రాలు పోయాయి. మంత్రులు అంతకుముందు రోజే పోయారు, ఒకాయన సగం కోసిన ఉల్లిగడ్డ వదిలేసి. పన్నెండో స్లాబుకు కట్టిన ఇనుము, దాని కింద కొట్టిన చెక్కలు, గుట్టగా పేర్చిన సిమెంటు బస్తాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. వాటిని తీసుకుపోవడానికి రవాణా మంజూరు కాలేదట. పదకొండు స్లాబులు ఇవతలి గడ్డ నుంచి బయల్దేరి వాగు మీదుగా పోయి, రేగుంట గడ్డకు ముప్పై అడుగుల దూరంలో ఆగాయి. ఆ ముప్పై అడుగుల్లోనే వాగు లోతు ఎక్కువ. బావ మంచం దించింది సరిగ్గా అక్కడే.

సాంబయ్య మూడ్రోజులు ఇల్లు కదలలేదు. ఎమ్మెల్యేగిరీ పోయింది, ఓటు పోయింది, నియోజకవర్గమే పోయింది. రెండు లక్షలమంది పేర్లు కొట్టేయించిన ఘనుణ్ణి నేనేనని తలబాదుకున్నాడు. నాలుగో రోజు పొద్దున సరోజన చాయ్ గ్లాసు ఆయన ముందు ఠపీమని పెట్టింది.

"ఇగ అడిగేటందుకు ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు."

"ఇగ మనకు అడ్డం జెప్పేటోడు ఉన్నడా?"

సాంబయ్య చాయ్ తాగకుండానే లేచాడు.

ఒక విషయం ఎవరికీ తట్టలేదు ఇన్నాళ్లూ. రేగుంట మగవాళ్లలో సగంమంది నగరంలో ఫ్లైఓవర్లకు స్లాబులు పోసే మేస్త్రీలు. ఊరివాగు మీద వంతెన లేక, పని లేక, పరాయి ఊళ్లో వంతెనలు పోసి బతికేవాళ్లు. కబురు పోగానే బస్సులెక్కి వచ్చారు. వాళ్లలో పెద్ద మేస్త్రీ ఇనుము చూశాడు, కాలితో చెక్కలు తన్ని చూశాడు. "ఇంజనీరు కట్టింది గట్టిగనే ఉన్నది. తెల్లారంగ మొదలుపెడితే పొద్దుగూకేవరకు అయిపోతది. నడుమ ఆగొద్దు, అతుకు పడుతది. మనుషులు గావాలె," అన్నాడు.

మనుషులకేం కొదవ? రికార్డుల్లోనే కదా లేనిది. నియోజకవర్గంలో ప్రతి ఊరినుంచీ వచ్చారు. ఎవరూ లేని గట్టు నుంచి ఎవరూ లేని గట్టుదాకా తట్టల వరస సాగింది. ఐలయ్య తువ్వాల తలకు చుట్టి ఇసుక జల్లెడ పట్టాడు. పంతులు నీళ్లు మోశాడు. పాలకపక్షం అభ్యర్థి భార్య తట్ట అందిస్తే, పాలకపక్షం అభ్యర్థి అందుకున్నాడు. సాంబయ్య కాంక్రీటు తట్ట నెత్తినెత్తుకొని నడుస్తుంటే, అటు పక్కనుంచి లచ్చవ్వ తట్ట మోసుకొస్తూ ఎదురైంది. ఇద్దరి మొహాలూ సిమెంటు పూత. "జర్ర పక్కకు జరుగన్నా" అంది. రెండేళ్లలో ఆమె కోపం లేకుండా అన్న మొదటి మాట అది. సాంబయ్య గుండె నిండిపోయింది.

స్లాబు పడింది. ఇరవై రోజులకు పైగా తడిపారు. ఇరవై ఆరో రోజున మృగశిర వాన దంచికొట్టింది. వాగు ఎర్రగా, ఒడ్లు కోసుకుంటూ వచ్చింది. వంతెన కదల్లేదు.

ఆ వారంలోనే పరాంకుశం గారు జీపేసుకొని విచారణకు వచ్చాడు. అనుమతి లేకుండా ప్రభుత్వ వంతెనను పూర్తిచేయడం నేరం. బాధ్యులెవరో తేల్చి నోటీసు ఇమ్మని పైనుంచి ఆర్డరు. జీపు ఆ వంతెన మీదుగానే పోయి రేగుంటలో ఆగింది. బడి అరుగు మీద బల్ల వేశారు.

"ఎవరు పూర్తి చేసినారు?"

"నేనే సార్," అన్నాడు సాంబయ్య. "రాసుకోండ్రి. కాసర్ల సాంబయ్య."

"నేను గూడ," అంది లచ్చవ్వ. "నా పేరు ముందుగాల రాయి." వెనక ఐలయ్య, పంతులు, మేస్త్రీలు, ఊరికి ఊరు వరస కట్టింది. ఒకప్పుడు ఒక్క సంతకానికి దిక్కులేని జనం, మేం పెడతామంటే మేం పెడతామని తోసుకుంటున్నారు.

పరాంకుశం గారు నోటీసు పుస్తకం తెరిచాడు. పేరు. తండ్రి లేక భర్త పేరు. ఓటరు సంఖ్య. కలం అక్కడ ఆగింది.

"ఓటరు సంఖ్య?"

"మీరే తీసేస్తిరి గద సార్."

పరాంకుశం గారు కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకోలేదు. వీళ్లకు నోటీసు ఇస్తే, వీళ్లు ఉన్నట్టు. ఉన్నట్టైతే రెండు లక్షల పదకొండు వేలమందిని తీసేసినవాడు ఎవరు? తానే. ఇవ్వకపోతే వంతెన ఎవరు కట్టినట్టు? చుట్టూ చూశాడు. లేనివాళ్లందరూ ఆయన్నే చూస్తున్నారు. చాలాసేపు ఆలోచించి, తన నౌకరీ జీవితంలోకెల్లా అందమైన దస్తూరీతో నాలుగు పంక్తులు రాసి, ముద్ర కొట్టి, ఒక ప్రతి సాంబయ్య చేతిలో పెట్టి జీపెక్కాడు. జీపు మళ్లీ వంతెన మీదుగానే పోయింది.

"ఏం రాసిండే అన్నా?" అంది లచ్చవ్వ.

సాంబయ్య చదివాడు. "'విచారించగా, సదరు వంతెన తనంతట తానే పూర్తి అయినదని తేలినది. ఇందుకు బాధ్యులు ఎవరూ లేరు.'"

జనం పడీపడీ నవ్వారు. ఐలయ్య అరుగు మీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు. లచ్చవ్వ నవ్వలేదు. ఆ కాగితం తీసుకొని, ముద్ర మీద బొటనవేలితో ఒకసారి రుద్ది చూసింది.

"మీ బావ సచ్చినప్పుడు కూడ గిదే రాసిచ్చిండ్రు," అంది. "బాధ్యులు ఎవ్వరు లేరని. గదే ముద్ర."

ఐలయ్య లేచి నిలబడ్డాడు. ఆమె కాగితం మడిచి అన్న చేతికిచ్చి, కొంగు నడుముకు చుట్టుకుంది. "నడువు మీ ఇంటికి పోదాం. వదినను చూడక రెండేండ్లాయె," అని వంతెన మీదికి నడిచింది. కింద వాగు నిండుగా పోతూనే ఉంది.